ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ దాకా

అమ్మడూ,

ఆడపిల్లల చదువు కోసం పనిచేసే ఆ సంస్థవాళ్ళు నిన్ను డైరెక్టరుగా రమ్మన్నారని మీ అమ్మ చెప్పింది. మంచి జీతం వచ్చే ఉద్యోగం వదిలేసి ఎక్కడికి పోతుందో, నువ్వైనా కాస్త చెప్పక్కా అని కూడా అంది. నేను వద్దని చెప్పను. వెళ్ళు. నా వయసంతా ఈ పనిలోనే గడిచింది, ఇంకో జన్మ ఉంటే అప్పుడూ ఇందులోకే వస్తాను. కాకపోతే ఆ కుర్చీలో కూర్చోబోయే ముందు పెద్దమ్మ చెప్పే మాట ఒకటి చెవిన వేసుకో.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఈ రంగంలో అందరూ సేవాభావం గురించీ ఓపిక గురించీ చెబుతారు. ఆ రెండూ నీకు చిన్నప్పటినుంచీ ఉన్నాయి. నేను చెప్పేది గడువు గురించి. ఒక అమ్మాయికి నువ్వు మాటిచ్చావంటే, అది ఎన్నేళ్ళు నిలవాల్సిన మాటో చూసుకో. నీ చేతిలో ఎన్నేళ్ళకు సరిపడా డబ్బూ మనుషులూ ఉన్నారో అదీ చూసుకో. ఈ రెండిటికీ మధ్య ఎప్పుడూ పెద్ద ఖాళీ ఉంటుంది. దాన్ని పూడ్చడమే డైరెక్టరు పని. మిగతావన్నీ చెయ్యడానికి నీ దగ్గర మనుషులు ఉంటారు, ఇది మాత్రం నీకు తప్ప ఇంకెవరికీ పట్టదు.

లెక్క చూడు. ఎనిమిదో తరగతిలో బడి మానబోతున్న పిల్లను మీ కార్యకర్త ఆపిందనుకో. పదో తరగతి అయ్యేదాకా మూడేళ్ళు, ఇంటర్ రెండేళ్ళు, డిగ్రీ మూడేళ్ళు. అన్నీ కలిపితే ఎనిమిదేళ్ళు. ఇక డబ్బు సంగతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో నడిచే ప్రాజెక్టు ఏదైనా, మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరాన్ని పక్కనపెడితే, మూడేళ్ళు దాటకూడదని నిబంధన ఉంది. అంటే ఆ పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా నువ్వు ప్రాజెక్టు ముగింపు రిపోర్టు రాస్తుంటావు. మన పల్లెల్లో ఆడపిల్ల చదువు తెగేది సరిగ్గా అక్కడే. పది దాకా బడి ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉంటుంది. ఇంటర్ అంటే మండలం దాకా పోవాలి, బస్సు ఎక్కాలి, సాయంత్రం చీకటి పడ్డాక దిగాలి. సంబంధాలు రావడం మొదలయ్యేది కూడా అప్పుడే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇంత అవసరమున్న చోటే మన ప్రాజెక్టులు ముగుస్తున్నాయి. ఇది ఎవరో కావాలని చేసింది కాదు, కానీ నువ్వు పట్టించుకోకపోతే ఎప్పటికీ ఇలాగే జరుగుతుంది.

బాల్యవివాహం ఆపడం ఎలా ఉంటుందో దగ్గరగా చెప్తాను విను. మాఘమాసం, ముహూర్తాల రోజులు. రాత్రిపూట 1098కి ఎవరో ఫోన్ చేస్తారు. తెల్లారేసరికి అంగన్‌వాడీ సూపర్‌వైజరు, ఎస్సై, గ్రామ కార్యదర్శి, మీ కార్యకర్త పెళ్ళివారింట్లో ఉంటారు. బడి రికార్డు తెప్పించి పుట్టిన తేదీ చూస్తారు. పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి చెయ్యబోమని తల్లిదండ్రులు కాగితం రాసి సంతకాలు పెడతారు. మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఆ ఇంట్లో మాత్రం వండిన కూరలు గుండిగల్లోనే ఉంటాయి. షామియానా అతను, వంటమనిషి బాకీ కోసం వచ్చి అరుగు మీద కూర్చుంటారు. కట్నం కింద ముందు ముట్టజెప్పిన డబ్బు మగపెళ్ళివాళ్ళు వెనక్కి ఇవ్వరు. తండ్రి పిల్లతో మాట్లాడడు. పిల్ల ఒంటి మీది పసుపు కూడా పోకుండా లోపలి గదిలో ముడుచుకుని ఉంటుంది, ఈ అప్పంతా తనవల్లే అనుకుంటూ.

ఆ వారంలో ఎవరూ ఆ గడప తొక్కకపోతే రెండు నెలల్లో వేరే ఊరి గుళ్ళో అదే పెళ్ళి గుట్టుగా జరిగిపోతుంది. అనుభవమున్న కార్యకర్త ఏం చేస్తుందో చూశాను. మొదటిసారి వెళ్ళినప్పుడు చదువు ఊసే ఎత్తదు. తల్లి పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంది, పిల్ల అన్నం తిన్నదా లేదా అని అడిగి వస్తుంది. రెండోసారి షామియానా అతనితో మాట్లాడి బాకీ వాయిదాల మీద తీర్చేట్టు ఒప్పిస్తుంది. దానితో తండ్రి ఆవిడకు కుర్చీ వేస్తాడు. మూడోసారి టీసీ ఎక్కడుంది, ఆధార్‌లో తేదీ సరిగ్గా ఉందా అని మొదలుపెడుతుంది. కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటు ఉందని అప్పుడు చెబుతుంది. పిల్లను హాస్టల్లో దింపే రోజు ట్రంకుపెట్టె ఒకవైపు తండ్రి చేతే పట్టిస్తుంది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఆ పెట్టె మోసిన తండ్రి ఆ పిల్లను మధ్యలో వెనక్కి తీసుకురాడు.

నేను అడిగేది ఇది. ఆ కార్యకర్త జీతం నీ ప్రపోజల్లో ఏ పద్దు కింద ఉంది? మూడో ఏడు దాటాక ఆవిడ ఉంటుందా? చాలా సంస్థల్లో ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళకు గౌరవ వేతనం అని పేరు పెట్టి, వాళ్ళ ఇల్లు గడవనంత డబ్బు చేతిలో పెడతారు. ఆడపిల్లలు తమ కాళ్ళమీద తాము నిలబడాలని గోడమీద రాసి, ఆ గోడకు సున్నం వేయించే ఆఫీసులోనే ఆడమనిషికి గిట్టుబాటు కాని జీతం ఇవ్వడం అన్యాయం. నువ్వు చేరిన మొదటి ఏడాదే దీన్ని సరిచెయ్యి. పీఎఫ్ కట్టించు. ప్రసూతి సెలవు కాగితం మీద రాయించు. పదిమంది ఉద్యోగులున్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండితీరాలని 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెబుతోంది. మనం ఆడవాళ్ళ సంస్థే కదా, మనకెందుకు అనుకుని దాన్ని వెయ్యనివాళ్ళు ఉన్నారు. నువ్వు వెయ్యి, బయటి సభ్యురాలిగా గట్టిగా మాట్లాడే మనిషిని పెట్టు. ఆఖరి బస్సు తప్పిపోతే ఆటోకి డబ్బు ఎవరివ్వాలో, రాత్రి ఎక్కడ పడుకోవాలో ముందే తేల్చి ఉంచు. ఊరూరా తిరిగే అమ్మాయి భద్రత మీద నువ్వు పెట్టే ప్రతి రూపాయీ పిల్లల భద్రత మీద పెట్టినట్టే.

డబ్బు విషయంలో నిబంధనలు ఇంకాస్త బిగిశాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఆ డబ్బులో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 శాతం దాకా ఉండేది. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళం ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల ద్వారా పల్లెల్లోని చిన్న సంఘాలకు చేరే సాయం దానితో ఆగిపోయింది. కార్యక్రమంలో నేరుగా పనిచేసేవాళ్ళ జీతం ఏ పద్దులోకి వస్తుందో, ఆఫీసు ఖర్చు ఏదో ఆడిటరును కూర్చోబెట్టి ఏడాది మొదట్లోనే రాయించుకో, మార్చి నెలలో కాదు. విరాళంగా వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఖర్చు చెయ్యాలన్న పన్ను నిబంధన ఉంది కాబట్టి ముందు సంవత్సరాలకు మిగిల్చుకోవడం అనుకున్నంత సులువు కాదు. దాతే ఇది మూలధనానికి అని ఉత్తరం రాసి ఇస్తే దాని దారి వేరు. అందుకని నాలుగు పెద్ద చెక్కులు వచ్చినప్పుడు ఒక్కదాన్నైనా మూలధనానికి అడుగు. ఇంటర్, డిగ్రీ ఫీజులు దాని వడ్డీలోంచి కట్టగలిగిన రోజున నీకు రాత్రి నిద్ర పడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ చెయ్యి పెద్దది. సొంత ఊరికి ఏదో ఒకటి చెయ్యాలన్న తపన వాళ్ళలో నిజంగా ఉంది. ఎక్కువమంది గదులు కట్టించి అమ్మానాన్నల పేరు పెట్టించుకుంటామని వస్తారు. అది తప్పేం కాదు, ఆ ప్రేమను గౌరవించు. అయితే గదితోపాటు ఒక కార్యకర్త జీతం ఎనిమిదేళ్ళు భరించండి అని అడుగు. ఆ కార్యకర్త తిరిగే ఊళ్ళ పేర్లు, చదువు పూర్తిచేసిన పిల్లల లెక్క ఏటా పంపు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్న మర్నాటి నుంచీ అదే మనిషి పంపేది విదేశీ విరాళమే, మేనమామ పంపినా సరే. రసీదు రాసే ముందు పాస్‌పోర్టు అడగడానికి మొహమాటపడకు.

దాతల దగ్గర సగం నిజం చెప్పకు. మీరు మూడేళ్ళు ఇస్తారు, మిగతా అయిదేళ్ళకు వీళ్ళను వీళ్ళను అడుగుతున్నాను అని మొదటి సమావేశంలోనే చెప్పు. కొందరు మొహం చిట్లిస్తారు. నాలాంటివాళ్ళకు చివరిదాకా అండగా నిలిచినవాళ్ళంతా మొదటిరోజే ఈ లెక్క విన్నవాళ్ళే.

అన్నిటికన్నా నమ్మకమైన డబ్బు ఆడవాళ్ళే కూడబెట్టుకున్నది. అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో ‘సేవ’ అనే ఆడవాళ్ళ సంఘాన్ని కార్మిక సంఘంగా రిజిస్టరు చేయించారు. రెండేళ్ళకు నాలుగు వేలమంది శ్రమజీవులైన ఆడవాళ్ళు తలా పది రూపాయల వాటా వేసి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. మన దగ్గర డ్వాక్రా సంఘాల పొదుపు ఏ స్థాయికి వచ్చిందో నీకు చెప్పక్కర్లేదు. పిల్ల చదువు నిధికి తల్లుల సంఘం నెలకు కొద్దిపాటి డబ్బు వేస్తే, దాతలు మారినా ఆ నిధి ఊళ్ళోనే ఉంటుంది. దాని మీద పెత్తనం కూడా వాళ్ళదే కావాలి, నీది కాదు.

ఊళ్ళో నాయకత్వం నువ్వు వెళ్ళి తయారుచెయ్యాల్సిన వస్తువు అనుకోకు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వద్దన్న ఆడవాళ్ళను బయటివాళ్ళెవరూ నడిపించలేదు. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట కలుసుకున్నారు, తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు, సారా బండిని ఊరి బయటే ఆపారు. అది జిల్లాలు దాటి పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్ళకే ప్రభుత్వం దాన్ని సడలించింది. గెలిచిన మాటను కాపాడుకోవడం గెలవడం కన్నా కష్టమని ఆ ఆడవాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వాళ్ళ తరఫున వేదికల మీద మాట్లాడే అవకాశం నీకు తరచూ వస్తుంది. వచ్చినప్పుడల్లా టికెట్టు వాళ్ళ పేరు మీద బుక్ చేయించు.

ఇక ఇవ్వకూడని మాటలు. పిల్లలు మీ ఆడవాళ్ళను నమ్ముతారు, నమ్మిన రోజున ‘ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా మేడమ్’ అంటారు. చెప్పనని ఒట్టు వెయ్యొద్దని నీ సిబ్బంది అందరికీ నేర్పు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పితీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది, చెప్పకపోవడం నేరం. పదహారేళ్ళ పిల్ల ఇష్టపడి ఒకబ్బాయితో వెళ్ళిపోయినా చట్టం దృష్టిలో అది నేరమే. ఆ పిల్లకు మనమీద కోపం వస్తుంది, ఆ కోపంలో న్యాయం కూడా ఉంటుంది. కనుక ఊళ్ళో ఆడపిల్లల గ్రూపు మొదలుపెట్టిన రోజే చెప్పెయ్యాలి: నువ్వు చెప్పింది నలుగురిలో పెట్టను, కానీ నీకు హాని జరిగిందంటే మాత్రం నేను చెప్పాల్సినచోట చెప్తాను, చెప్పే ముందు నీకు చెప్తాను, స్టేషన్లో నీ పక్కనే కూర్చుంటాను. ఈ నాలుగు ముక్కలూ ముందే విన్న పిల్ల తర్వాత మోసపోయానని అనుకోదు. కొంతమంది ఇది విని ఆ రోజుకు నోరు మూసుకుంటారు. మళ్ళీ వస్తారు.

ఫొటోలు కూడా అంతే. కష్టంలోంచి బయటపడిన పిల్ల మొహం బ్రోచరు మీద వేస్తే విరాళాలు వస్తాయని నీకు సలహాలిచ్చేవాళ్ళు దొరుకుతారు. సంరక్షణలో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం ఒప్పుకోదు. చట్టం పక్కనపెట్టి ఆలోచించు. పద్నాలుగేళ్ళప్పుడు తీసిన ఆ బొమ్మ ఇంటర్నెట్‌లో ఉండిపోతుంది. పాతికేళ్ళకు ఆమె బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఉద్యోగం చేసుకుంటూ ఉంటుంది, పక్క సీటువాళ్ళు అది చూస్తారు. ఆ బొమ్మ వెయ్యడానికి పద్నాలుగేళ్ళ పిల్ల ఇచ్చే అనుమతి అనుమతే కాదు.

ప్రభుత్వంతో తగువు పెట్టుకోవాల్సిన రోజులు వస్తాయి, పెట్టుకో. రోజూ మాత్రం వాళ్ళతో కలిసి నడువు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనికి పోయే పిల్లలను శిబిరాల్లో కొన్నాళ్ళు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో ప్రభుత్వ బడిలోనే చేర్పించేది. తమ సొంత బళ్ళు పెట్టి పేరు తెచ్చుకోవాలని చూడలేదు. మూడేళ్ళకు మూతపడని సంస్థ ఊళ్ళో ఏదైనా ఉందంటే అది సర్కారు బడే. మీరు తెచ్చిన పిల్ల పేరు అక్కడి హాజరు పట్టీలో ఎక్కితే, నీ మాటలో సగభారం దానిమీదికి వెళుతుంది. హెడ్మాస్టరుతో, సీడీపీఓతో, హాస్టల్ వార్డెన్‌తో కాఫీ తాగే సమయం నీ పనివేళల్లోనే లెక్కవెయ్యి. అలాగని అన్నీ ప్రభుత్వమే చెయ్యలేదు. ఆడపిల్లలను దేవతకు అంకితం చేసే జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. చట్టం ఒకటే ఉంటే ఆ ఆడవాళ్ళకు ఇల్లు ఎవరిస్తారు, వాళ్ళ పిల్లలను బడిలో ఎవరు వేస్తారు? కవి జాషువా గారమ్మాయి హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో ఏళ్ళ తరబడి వాళ్ళ మధ్యే ఉండి చూసుకున్నది ఈ పనే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చెప్పమంటే, కాకినాడలో టికెట్టు లేదని నెహ్రూను ఆపిన కథే అందరూ చెబుతారు. నీకు పనికొచ్చేది ఇంకొకటి. జైలునుంచి వచ్చాక ఆమె కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి గట్టెక్కింది. మద్రాసులో తనలాగే మధ్యలో చదువాగిన ఆడపిల్లలను కూర్చోబెట్టి అదే పరీక్షకు తయారుచేసింది. అదే పెరిగి 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యాక, ఆ తరగతుల అనుభవాన్ని ఢిల్లీకి తీసుకెళ్ళింది. చదువు మధ్యలో ఆపేసిన ఆడవాళ్ళు రెండు మూడేళ్ళలో పరీక్ష పాసయ్యేలా సంక్షిప్త కోర్సుల పథకం 1958లో దేశమంతటా మొదలైంది. ఆమె 1981లో పోయారు, సభ ఈరోజుకూ నడుస్తోంది. నలుగురు పిల్లలకు ఇచ్చిన మాట ఆమె కుర్చీ మారినా, ఊరు మారినా తెగకపోవడానికి కారణం అది ఆమె ఒక్కదాని చేతుల్లో లేకపోవడమే. కమిటీలుండేవి, రికార్డులుండేవి, పరీక్ష ఫీజు కట్టే తేదీ తెలిసినవాళ్ళు ఇంకో నలుగురుండేవాళ్ళు.

నువ్వు వెళ్తున్నచోట సంస్థ పెట్టిన అమ్మగారు ఇంకా ఉన్నారట కదా. ఆవిడంటే ఊళ్ళన్నిటికీ ప్రాణం. మొదటి ఆర్నెల్లు ఆవిడ వెనక ఊళ్ళు తిరుగు, ఏ ఇంట్లో ఏ పిల్ల ఉందో ఆవిడ నోటినుంచి విని రాసుకో. ఆవిడ తలలో ఉన్నది పుస్తకంలోకి రాకపోతే ఆవిడతోపాటే పోతుంది. చెక్కుల మీద సంతకం ఎవరిది, ఉద్యోగులను తీసుకునే మాట ఎవరిది అన్నది మాత్రం బోర్డు తీర్మానంగా రాయించుకునే చేరు. ఇది ఆవిడ మీద అపనమ్మకంతో చెప్పడం లేదు. రెండు చోట్లనుంచి ఆజ్ఞలు వస్తే నలిగేది ఊళ్ళో తిరిగే కార్యకర్త.

చేరేముందు మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు అడుగు. మధ్యలో మానేసిన పిల్లల వివరాలు అడుగు. ఆ లెక్క లేదంటే ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదన్నమాట. కార్యకర్తల్లో ఇద్దరితో విడిగా మాట్లాడు. నీ జీతం నోరారా అడుగు, తగ్గించి చెప్పకు. నువ్వు తక్కువకు ఒప్పుకుంటే నీ కిందివాళ్ళ జీతాలు పెంచమని ఎప్పటికీ అడగలేవు, నీ తర్వాత వచ్చే అమ్మాయికి కూడా ఆ అంకెనే చూపిస్తారు. వారానికి ఒక రోజు సెలవు, ఏటా కొన్నాళ్ళు ఫోన్ తీసి పక్కనపెట్టే వీలు ఉండాలి. విన్న కథలు ఇంటికి వచ్చి నిద్రలో కూడా వదలవు, అందుకని ఒక కౌన్సెలర్ నీకూ, నీ సిబ్బందికీ కూడా కావాలి. ఆ ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే పెట్టు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. వాళ్ళిచ్చే నియామక పత్రం సంతకం పెట్టకముందే నాకు పంపు, ఆడిట్ రిపోర్టులు కూడా జతచెయ్యి. చూసి, అడగాల్సినవి పక్కన రాసి ఆదివారంలోగా తిరిగి పంపుతాను.

మీ పెద్దమ్మ